కారు చక్రం బిగుసుకుపోవడం

కారు చక్రాన్ని పట్టి ఉంచే నట్లన్నీ పూర్తిగా విప్పిన తరువాత కూడా చక్రం ఊడి రాకుండా హబ్బుకు అతుక్కొని ఉండిపోవడాన్ని చక్రం బిగుసుకుపోవడం అంటారు. మెకానిక్కుల వాడుకలో దీనిని "చక్రం పట్టేసింది" అని చెబుతారు. ఇది ఎక్కువగా పాత కార్లలోను, ఏళ్ళ తరబడి చక్రాలు విప్పని కార్లలోను, వానకు తడుస్తూ ఒకే చోట నిలిచిపోయిన కార్లలోను కనిపిస్తుంది. దీనికి ముఖ్య కారణం తుప్పు. బిగుసుకుపోయిన చక్రం దానంతట అది ప్రమాదకరమైనది కాదు. దానిని ఎలాగైనా లాగివేయాలని జాకీపై నిలబెట్టిన కారును కుదపడం, కారు కిందకు దూరి సుత్తితో కొట్టడం ప్రమాదకరం. ఈ పనిలో ప్రాణాపాయం చక్రం వలన కాక కారు జారి పడడం వలన కలుగుతుంది.

చక్రం అమరిక

ఇరుసు చివర బేరింగులపై తిరిగే భాగాన్ని హబ్బు అంటారు. హబ్బు ముఖం పళ్ళెం వలె గుండ్రంగా, చదునుగా ఉంటుంది. దాని నుండి బయటకు పొడుచుకు వచ్చిన మరలు గల కడ్డీలను స్టడ్లు అంటారు. ఇవి సాధారణంగా నాలుగు లేక ఐదు ఉంటాయి. మారుతి 800 కారుకు నాలుగు. చక్రపు రేకులోని రంధ్రాలు ఈ స్టడ్లపైకి వెళ్ళేటట్లు చక్రాన్ని తొడిగి, పైన నట్లు బిగిస్తారు. నట్టు లోపలి అంచు గరాటు వలె ఏటవాలుగా ఉండి, చక్రంలోని రంధ్రపు అంచులో కూర్చుంటుంది. ఫోక్స్‌వాగన్ వంటి కొన్ని ఐరోపా కార్లలో స్టడ్లు ఉండవు. బోల్టులే నేరుగా హబ్బులోకి బిగుస్తాయి. డ్రమ్ము బ్రేకులున్న కార్లలో హబ్బుకూ చక్రానికీ నడుమ బ్రేకు డ్రమ్ము ముఖం ఉంటుంది. తొలినాటి అంబాసిడర్ కార్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి.

చక్రం నడిమధ్యన ఒక పెద్ద రంధ్రం ఉంటుంది. చాలా కార్లలో హబ్బు మధ్యభాగం కొంచెం ఉబ్బుగా ఉండి ఈ రంధ్రంలో ఇమిడిపోతుంది. చక్రం సరిగా నడిమధ్యన కూర్చోవడానికి ఈ ఏర్పాటు తోడ్పడుతుంది. ఈ రెండింటి నడుమ ఖాళీ మిల్లీమీటరులో కొద్ది వంతులు మాత్రమే. చక్రం పట్టేసేది ముఖ్యంగా ఈ సన్నని వలయం దగ్గరే. నట్లు ఎంత వదులుగా ఉన్నా దీనితో వాటికి సంబంధం లేదు కనుక, నట్లు విప్పినవారికి చక్రం ఎందుకు రావడం లేదో వెంటనే అర్థం కాదు.

చరిత్ర

తొలినాటి మోటారు కార్లలో చక్రాన్ని విప్పి మార్చుకునే ఏర్పాటు ఉండేది కాదు. పంక్చరు అయితే దారిలోనే టైరును రిమ్ము నుండి ఊడబెరికి, ట్యూబుకు అతుకు వేసి, తిరిగి గాలి కొట్టవలసి వచ్చేది. 1904లో బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతానికి చెందిన లనెథ్లి పట్టణంలో డేవిస్ సోదరులు ఆకులు లేని ఒక అదనపు చక్రాన్ని తయారు చేశారు. గాలి నిండిన టైరుతో కూడిన ఈ రిమ్మును పంక్చరైన చక్రం పక్కన కొక్కేలతో బిగించి ప్రయాణం సాగించేవారు. వారి దుకాణం స్టెప్నీ వీధిలో ఉండడం వలన దానికి స్టెప్నీ చక్రం అనే పేరు వచ్చింది. పూర్తిగా విప్పి మార్చే చక్రాలు వచ్చాక ఆ పరికరం కనుమరుగైనా, భారతదేశంలో అదనపు చక్రానికి ఆ పేరు స్థిరపడిపోయింది. తెలుగులో కూడా స్టెప్నీ అంటే తెలియనివారు అరుదు. ఇంగ్లండులోని ఆంగ్లేయులకు మాత్రం నేడు ఈ మాట చాలావరకు అపరిచితం.

కారణాలు

ఇనుము తేమతోను, గాలిలోని ఆక్సిజన్‌తోను కలిసినపుడు తుప్పు ఏర్పడుతుంది. తుప్పు ఘనపరిమాణం, అది ఏ ఇనుము నుండి ఏర్పడిందో ఆ ఇనుము ఘనపరిమాణం కంటే రెండు నుండి ఆరు రెట్ల వరకు ఎక్కువ. కాంక్రీటు స్తంభంలోని ఇనుప ఊచలు తుప్పు పట్టి ఉబ్బినపుడు కాంక్రీటు పెచ్చులుగా ఊడిపడడానికి కారణం ఇదే. హబ్బుకూ చక్రానికీ నడుమ ఉన్న సన్నని ఖాళీలో తుప్పు పుట్టినపుడు అది విస్తరించడానికి చోటు ఉండదు. అందువలన రెండు భాగాలనూ మేకు దిగగొట్టినట్లు పట్టివేస్తుంది. అయితే ఈ తుప్పు గట్టి లోహం కాదు, పెళుసైన పదార్థం. ఒకచోట చిన్న పగులు ఏర్పడితే పట్టు అంతా ఒక్కసారిగా వదులుతుంది. చక్రాన్ని విడదీసే పద్ధతులన్నింటికీ ఈ గుణమే ఆధారం. పట్టిన చక్రాన్ని నేరుగా బయటకు లాగడం కంటే అటూ ఇటూ ఊపడం ఎక్కువ ఫలితాన్నివ్వడానికీ కారణం ఇదే.

అల్యూమినియం మిశ్రమంతో చేసిన చక్రాలు, అనగా వాడుకలో అలాయ్ వీల్స్, తుప్పు పట్టవు కనుక బిగుసుకోవని చాలామంది అనుకుంటారు. ఇది సరికాదు. హబ్బు ఇనుముతోను, చక్రం అల్యూమినియంతోను ఉన్నపుడు ఉప్పు కలిసిన తేమ ఆ రెండింటినీ కలిపి ఒక చిన్న విద్యుత్ ఘటంగా మారుస్తుంది. ఈ ఘటంలో అల్యూమినియం ఆనోడుగా వ్యవహరించి క్షయానికి లోనవుతుంది. తెల్లని పిండి వంటి పదార్థం ఏర్పడి ఖాళీని నింపివేస్తుంది. ఇలా పట్టిన అలాయ్ చక్రం రేకు చక్రం కంటే మొండిగా ఉండడం కద్దు. పాత కారుకు అందం కోసం తరువాత అలాయ్ చక్రాలు తొడిగించినవారికి ఈ అనుభవం ఎదురవుతుంది.

వాతావరణ ప్రభావం కూడా చెప్పుకోదగినది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర పట్టణాలలో ఉప్పుగాలి వలన లోహ క్షయం త్వరగా జరుగుతుంది. తెలంగాణ, రాయలసీమలలోని పొడి ప్రాంతాలలో ఇది నెమ్మది. ఉత్తర అమెరికాలోను, ఐరోపా ఉత్తర దేశాలలోను చలికాలంలో రోడ్లపై పేరుకున్న మంచును కరిగించడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు చక్రాల లోపలికి చిమ్ముతుంది. అందువలన అక్కడ నాలుగైదేళ్ళ కారుకు సైతం చక్రం పట్టేయడం సాధారణం. అమెరికా చలి రాష్ట్రాలలో పాత కారు కొనుక్కునే తెలుగు విద్యార్థులు తొలి పంక్చరు నాడే ఈ సంగతి గ్రహిస్తుంటారు.

పట్టినది ఏది?

పని మొదలుపెట్టే ముందు ఏది పట్టిందో నిర్ధారించుకోవలసి ఉంటుంది. పానాకు లొంగనిది నట్టు అయితే అది స్టడ్డు మరల వద్ద పట్టు. దానికి హబ్బు తుప్పుతో సంబంధం లేదు. నట్లు అన్నీ వచ్చి చక్రం మాత్రమే నిలిచిపోతే అది ఈ వ్యాసం ప్రధానంగా చర్చించే సమస్య. జాకీ ఎత్తిన తరువాత చక్రం చేతితో తిప్పితే తిరగకపోవడం మూడవ రకం. హ్యాండ్ బ్రేకు వేసి నెలల తరబడి నిలిపిన కారులో బ్రేకు షూలు డ్రమ్ముకు అతుక్కుపోవడం వలన ఇది జరుగుతుంది. అది బ్రేకు మరమ్మతుకు సంబంధించినది. అలాంటి కారులో చక్రంతో పాటు డ్రమ్ము కూడా కదిలి వస్తున్నట్లు గమనిస్తే బలవంతం మాని హ్యాండ్ బ్రేకు వదులు చేయాలి. లేనిచో లోపలి షూలు, స్ప్రింగులు దెబ్బతింటాయి.

నట్లు విప్పడం

అంబాసిడర్ వంటి కార్లలో నట్లపై లోహపు కప్పు ఉంటుంది. దానిని పానా చదును మొనతో పెకిలించి తీయాలి. నట్లను ఎల్లప్పుడూ చక్రం నేలపై ఉండగానే మొదట వదులు చేయాలి. జాకీ ఎత్తిన తరువాత చక్రం నట్టుతో పాటే తిరుగుతుంది. అంతకంటే ముఖ్యంగా, పానాపై వేసే బలమంతా జాకీపై నిలిచిన కారును పక్కకు తోస్తుంది.

నట్టు విప్పే దిశ సాధారణంగా గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశ. కానీ దీనికి మినహాయింపులు కలవు. విల్లీస్ జీపులోను, 1947 నుండి దానిని భారతదేశంలో కూర్చిన మహీంద్రా వారి పాత జీపులలోను ఎడమ వైపు చక్రాలకు ఎడమ మరలు ఉండేవి. 1970 ప్రాంతం వరకు అమెరికాలోని క్రైస్లర్ సంస్థ కార్లలోనూ ఈ పద్ధతి ఉండేది. చక్రం తిరిగే దిశ వలన నట్లు వాటంతట అవి వదులు కాకుండా ఉండాలని ఈ ఏర్పాటు చేశారు. ఈ సంగతి తెలియనివారు ఎడమ చక్రం నట్టును విప్పుతున్నామనుకొని శక్తికొద్దీ బిగించి, చివరకు స్టడ్డును విరుస్తారు. పాత వాహనం ఏదైనా సరే, స్టడ్డు చివరనో నట్టు మీదనో ఆంగ్లంలో "ఎల్" అక్షరం ఉన్నదేమో ముందుగా చూడడం మంచిది.

మొండి నట్టుకు బలం కంటే సమయం మేలు. నట్టుకూ స్టడ్డుకూ నడుమ సన్నని నూనె వేసి కనీసం పావుగంట, వీలైతే ఒక రాత్రి ఆగాలి. దీని కోసం తయారైన తుప్పు వదిలించే నూనెలు డబ్బాలలో దొరుకుతాయి. వీటిలో బాగా పేరు పొందిన డబ్ల్యూడీ-40ని 1953లో అమెరికాలోని శాన్‌డియాగోలో తేమను పారద్రోలే ద్రవంగా రూపొందించారు. నలభయ్యవ ప్రయత్నంలో కుదిరినందున పేరులో ఆ సంఖ్య చేరింది. తుప్పు వదిలించడానికే ప్రత్యేకించిన నూనెలు దానికంటే బాగా పనిచేస్తాయి. పల్లెల్లో కిరసనాయిలు, డీజిలు వాడడం పాత అలవాటు. అవి పలుచన కనుక కొంతవరకు లోపలికి ఇంకుతాయి.

పానాకు గొట్టం తొడిగి పొడవు పెంచడం అందరికీ తెలిసిన ఉపాయం. ఇందులోని లెక్క పాఠశాలలో చెప్పే బలభ్రామకమే. పావు మీటరు పొడవున్న పానా చివర 40 కిలోల బరువుతో నొక్కితే నట్టుపై పడేది సుమారు 98 న్యూటన్ మీటర్లు. మామూలు కార్ల నట్లను 80 నుండి 120 న్యూటన్ మీటర్ల నడుమ, చిన్న కార్లవి ఇంకా తక్కువగా బిగిస్తారు కనుక మంచి స్థితిలో ఉన్న నట్టుకు ఇది దాదాపు సరిపోతుంది. మీటరు పొడవున్న గొట్టం చివర 50 కిలోల బరువు వేస్తే 490 న్యూటన్ మీటర్లు పడుతుంది. తుప్పు తిన్న స్టడ్డు తట్టుకోలేక విరిగిపోవచ్చు. కనుక గొట్టం వాడినపుడు బలాన్ని నెమ్మదిగా పెంచాలి. గొట్టంపై ఎక్కి గెంతరాదు. పానాను పైకి లాగడం కంటే కిందకు నొక్కడం నడుముకు క్షేమం. కొన్నిసార్లు నట్టును విప్పడానికి ముందు బిగించే దిశలో వెంట్రుకవాసి కదిపితే తుప్పు పగిలి దారి ఇస్తుంది.

పానా వదులుగా ఉంటే నట్టు మూలలు అరిగి గుండ్రంగా మారతాయి. ఆరు మూలలూ సరిగ్గా పట్టే సాకెట్టు పానా వాడితే ఈ ఇబ్బంది తక్కువ. ఇప్పటికే మూలలు పోయిన నట్టుపై కొంచెం చిన్న సాకెట్టును సుత్తితో దిగగొట్టి తిప్పుతారు; అదీ కుదరకపోతే ఉలితో నట్టును చీలుస్తారు. స్టడ్డు విరిగితే కొత్తది వేయించాలి. నాలుగు స్టడ్ల చక్రాన్ని మూడింటితో నడపడం మిగిలిన మూడింటిపై మోయలేని భారం వేయడమే.

కారును నిలబెట్టడం

జాకీ కారును ఎత్తడానికి ఉద్దేశించినది, మోసి ఉంచడానికి కాదు. పంక్చరు చక్రం మార్చే అయిదు నిమిషాలకు అది సరిపోవచ్చు. పట్టిన చక్రాన్ని కొట్టి, తన్ని, ఊపి తీయవలసి వచ్చినపుడు సరిపోదు. అంబాసిడర్ బరువు సుమారు 1,100 కిలోలు, మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు. రెండింటిలో ఏది మీద పడినా ఫలితం ఒకటే.

పని గట్టి, చదునైన నేలపై చేయాలి. మెత్తని మట్టిలో జాకీ కింద వెడల్పాటి చెక్క పలక వేయాలి. హ్యాండ్ బ్రేకు వేసి, కారును గేరులో ఉంచి, ఎత్తే చక్రానికి ఎదురు మూలలో ఉన్న చక్రానికి ముందూ వెనుకా అడ్డు పెట్టాలి. వెనుక చక్రం ఎత్తినపుడు ఈ అడ్డు మరీ ముఖ్యం. హ్యాండ్ బ్రేకు సాధారణంగా వెనుక చక్రాలపైనే పనిచేస్తుంది, ఆ రెండింటిలో ఒకటి గాలిలో ఉంటుంది. ఎత్తిన తరువాత చాసిస్ గట్టి భాగం కింద ఇనుప స్టాండ్లు పెట్టి కారును వాటిపైకి దించాలి. స్టాండ్లు దొరకని చోట ఇటుకలు పేర్చడం మన ప్రాంతంలో తరచుగా కనిపించే దృశ్యం. ఇటుక, బోలు సిమెంటు దిమ్మె ముందస్తు హెచ్చరిక లేకుండా పిగిలిపోతాయి, వీటిని వాడరాదు. దళసరి చెక్క దిమ్మెలు నయం. దారిలో ఏదీ లేనపుడు స్టెప్నీని కారు అంచు కింద అడ్డంగా పడుకోబెట్టడం వలన, జాకీ జారినా కారు పూర్తిగా నేలకు తగలదు. స్టాండు ఉన్నా, స్టెప్నీ ఉన్నా, శరీరంలో ఏ భాగాన్నీ కారు కిందకు పోనీయరాదు.

పాత కార్లకు మరో ఇబ్బంది ఉంది. జాకీ ఆనించే చోటే లోలోపల తుప్పు తిని ఉండవచ్చు. పైన రంగు బాగానే ఉన్నా, ఎత్తుతుండగా రేకు చిరిగి జాకీ లోపలికి దిగిపోతుంది. ముందుగా ఆ చోటును స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూస్తే గుల్ల శబ్దం వలన తెలుస్తుంది.

విడదీసే పద్ధతులు

చక్రం మధ్య రంధ్రం చుట్టూ, స్టడ్ల మొదళ్ళ వద్ద నూనె వేసి నాననివ్వడంతో పని మొదలవుతుంది. నూనె బ్రేకు డిస్కు మీదకు, డ్రమ్ము లోపలికి పోకుండా చూడాలి. నూనె తగిలిన బ్రేకు పట్టదు.

అతి తేలికైనది, సురక్షితమైనది కారు బరువుతోనే చక్రాన్ని కదిలించే పద్ధతి. దీనికి జాకీ అక్కరలేదు. చక్రం నేలపై ఉండగా దాని నట్లన్నింటినీ ఒక చుట్టు మాత్రమే వదులు చేయాలి. ఏ నట్టునూ పూర్తిగా తీయరాదు. తరువాత ఖాళీ స్థలంలో కారును నడక వేగం కంటే మెల్లగా రెండు మూడు మీటర్లు ముందుకు, అంతే దూరం వెనుకకు నడిపి, స్టీరింగును ఇటూ అటూ తిప్పుతూ మెల్లగా ఆపాలి. 1,100 కిలోల కారులో ఒక్కో చక్రంపై సుమారు 275 కిలోల భారం ఉంటుంది. చక్రం దొర్లుతున్నకొద్దీ ఈ భారం తుప్పు వలయంలో ఒక్కో భాగంపై వరుసగా పడుతుంది. మలుపులో నేల టైరు కింది అంచును పక్కకు తోస్తుంది. ఈ రెండూ కలిసి తుప్పును పగలగొడతాయి. చాలాసార్లు "టక్" మనే శబ్దం వినిపిస్తుంది. ఆ వెంటనే కారును ఆపాలి. శబ్దం రాకపోతే ఒక చుట్టు వదులు చేసిన స్థితిలోనే మరొక్కసారి ప్రయత్నించవచ్చు. ఇది రోడ్డుపై చేయరాదు. ఇలా వదులు చేసిన కారును మెకానిక్ షెడ్డు దాకా నడుపుకుంటూ పోవడం అసలే తగదు. ప్రయత్నం ఫలించక పని వాయిదా వేస్తే నట్లన్నీ తిరిగి గట్టిగా బిగించి తీరాలి.

పంక్చరై గాలి పూర్తిగా పోయిన చక్రానికి ఈ పద్ధతి పనికిరాదు. అపుడు కారును స్టాండ్లపై నిలిపి కాలితో తన్నడం, చెక్కతో కొట్టడం చేస్తారు. రెండింటిలోనూ నట్లను స్టడ్ల చివరన రెండు మూడు చుట్లు ఉంచాలి. చక్రం అకస్మాత్తుగా వదిలినపుడు మనిషి మీదకు ఎగిరి రాకుండా అవి ఆపుతాయి. బోల్టుల కార్లలోనూ ఇదే విధంగా బోల్టులను కొంత లోపలే ఉంచాలి.

తన్నేటపుడు బూటు మడమతో టైరును, రిమ్మును కాదు, ఒకసారి ఎడమ అంచున, ఒకసారి కుడి అంచున తన్నుతూ, మధ్యమధ్య చక్రాన్ని కొంచెం తిప్పుతూ ఉండాలి. అంచునే ఎందుకు తన్నాలో సులభంగా గ్రహించవచ్చు. టైరు అంచు హబ్బు నడిమి నుండి 25 నుండి 32 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. తుప్పు వలయం మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. అంచున పడిన దెబ్బ తుప్పు వద్దకు చేరేసరికి మీటకోల సూత్రం వలన అనేక రెట్లు పెరుగుతుంది. నడిమధ్యన కొట్టిన దెబ్బకు ఆ లాభం లేదు, పైగా అది నేరుగా బేరింగులకు తగులుతుంది.

ముందు చక్రం అయితే స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పితే టైరు లోపలి వైపు కారు బయటకు కనిపిస్తుంది. అక్కడ దళసరి చెక్క ముక్కను ఆనించి సుత్తితో కొట్టవచ్చు. కారు కిందకు వెళ్ళే అవసరం ఉండదు. వెనుక చక్రానికి ఈ వీలు లేదు. పొడవైన దుంగను కారు పక్క నుండే ఏటవాలుగా లోపలికి చొప్పించి, దాని బయటి కొనను కొట్టడం తప్ప మార్గం లేదు. ఇనుప సుత్తిని రిమ్ముపై నేరుగా వాడితే రేకు రిమ్ము వంకరపోతుంది, అలాయ్ రిమ్ము పగులుతుంది. సన్నని పగులు కంటికి కనిపించకపోవచ్చు. తరువాత ఎప్పుడో వేగంగా పోతుండగా చక్రం విరిగే అవకాశం ఉంది.

వీటికీ లొంగకపోతే షెడ్డులలో పుల్లరు అనే పరికరం వాడతారు. దాని చేతులు చక్రాన్ని పట్టుకోగా, నడిమి మర హబ్బును నెట్టుతూ చక్రాన్ని సమంగా బయటకు లాగుతుంది.

కొందరు గ్యాసు మంటతో హబ్బును గాని రిమ్మును గాని వేడి చేయాలని చూస్తారు. టైరు ఉన్న చక్రంపై మంట పెట్టడం ప్రాణాంతకం. వేడికి టైరు లోపలి రబ్బరు విచ్ఛిన్నమై మండే వాయువులు వెలువడతాయి. అవి లోపలి గాలితో కలిసి అంటుకుంటే టైరు బాంబు వలె పేలుతుంది. మంట తీసివేసిన కొంతసేపటికి పేలే ప్రమాదమూ ఉంది. ఇటువంటి పేలుళ్ళలో మెకానిక్కులు మరణించిన ఘటనలు అనేక దేశాలలో నమోదయ్యాయి. గాలి తగ్గించి వేడి చేస్తే ఫరవాలేదనే అభిప్రాయం కూడా తప్పు. ఇది కాక బేరింగులోని గ్రీజు కరిగిపోవడం, బ్రేకు రబ్బరు భాగాలు పాడవడం ఎలాగూ జరుగుతాయి.

జాతీయ రహదారి అంచున, రాత్రివేళ చక్రం పట్టిందని తెలిస్తే ఈ పద్ధతులేవీ అక్కడ ప్రయత్నించదగినవి కావు. వెనుక నుండి వచ్చే వాహనాల దృష్ట్యా హెచ్చరిక దీపాలు వేసి, రోడ్డుకు దూరంగా నిలబడి, లాగుడు వాహనాన్ని పిలిపించడం ఉత్తమం.

తిరిగి బిగించడం

చక్రం ఊడిన తరువాత హబ్బు ముఖాన్ని, ఉబ్బు చుట్టును, చక్రపు మధ్య రంధ్రాన్ని వైరు బ్రష్షుతోను, గరుకు కాగితంతోను మెరిసే వరకు శుభ్రం చేయాలి. తుప్పు పెచ్చులు హబ్బు ముఖంపై మిగిలితే చక్రం వాటిపై కూర్చుంటుంది. నడుస్తుండగా అవి నలిగిపోయి, గట్టిగా బిగించిన నట్లు కూడా వదులవుతాయి. తరువాత హబ్బు ఉబ్బుపై మాత్రం గ్రీజునో, వేడికి తట్టుకునే రాగి పేస్టునో పలుచగా పూయాలి. అలాయ్ చక్రాలకు రాగికి బదులు అల్యూమినియం లేక సిరామిక్ పేస్టు తగినది. రాగి సైతం అల్యూమినియం క్షయానికి తోడ్పడుతుంది. నట్టు కూర్చునే ఏటవాలు అంచుకు గ్రీజు తగలరాదు. స్టడ్డు మరలకు కూడా చాలామంది తయారీదారులు నూనె వద్దనే చెబుతారు. మరలు జారుగా ఉన్నపుడు అదే బలంతో బిగించినా స్టడ్డు ఎక్కువగా సాగి దెబ్బతింటుంది. విప్పేటపుడు వేసిన నూనెను తుడిచివేయాలి.

నట్లను మొదట చేతితో తిప్పి, తరువాత పానాతో ఎదురెదురు క్రమంలో కొద్దికొద్దిగా బిగించాలి. ఐదు నట్లున్నపుడు ఒకటి విడిచి ఒకటి బిగిస్తే నక్షత్రం ఆకారం వస్తుంది. చక్రం నేలకు ఆనిన తరువాత చివరి బిగింపు ఇవ్వాలి. పంక్చరు దుకాణాలలో గాలి యంత్రంతో ఒకే ఊపున బిగించడం వేగంగానే ఉంటుంది కాని, మరునాడు రోడ్డుపై చేతి పానాతో ఆ నట్టు విప్పవలసిన వ్యక్తికి అది శిక్ష. అక్కడే చేతి పానాతో వదులు చేసి తిరిగి బిగించమని అడగడం తప్పు కాదు. 50 నుండి 100 కిలోమీటర్లు నడిచిన తరువాత నట్లను మరొకసారి సరిచూడాలి.

టైర్లు సమంగా అరగడానికి 8,000 నుండి 10,000 కిలోమీటర్లకు ఒకసారి చక్రాల స్థానాలు మార్చే అలవాటు ఉన్న కార్లలో ఈ సమస్య దాదాపు కనిపించదు. అంబాసిడర్ తయారీ 2014లో ఉత్తరపారా కర్మాగారంలో ఆగిపోయింది. మారుతి 800 తయారీ కూడా అదే సంవత్సరం నిలిచిపోయింది. నేడు అభిమానుల ఇళ్ళలో మిగిలి ఉన్న ఈ కార్లలో అనేకం ఏడాదికి కొద్ది వందల కిలోమీటర్లు కూడా నడవవు. అటువంటి కార్లకు దూరంతో పనిలేకుండా ఏడాదికి ఒకసారి, వానాకాలం ముగిసిన తరువాత, నాలుగు చక్రాలనూ విప్పి హబ్బులను శుభ్రం చేసి తిరిగి తొడగడం ఆచరణలో ఉన్న పద్ధతి. స్టెప్నీలో గాలి చూడడం కూడా ఆ పనిలో భాగమే.